చింతగింజలతో బాతుల లెక్క

పిట్టల్ని లెక్కపెట్టడం వల్ల ఎవరికీ ఏ హానీ ఉండదని మీరు అనుకుంటూ ఉంటారు. ఇప్పుడు మీలో చాలామంది మెడలో దుర్భిణి వేసుకుని శీతకాలపు ఆదివారాల్లో చెరువుగట్ల వెంట తిరుగుతున్నారని విన్నాను. మంచిదే, తిరగండి. నేను ఆ పని చేసిన రోజుల్లో మాత్రం దాని కారణంగా ఒక మనిషి పళ్ళు ఊడబెరకడానికి పట్టకారు తెచ్చారు. తెచ్చినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు. చల్లారకూడదు కూడా. కానీ వ్యవహారాన్ని ఆ పట్టకారు దాకా నడిపించింది నేను. ఇన్నేళ్ళూ ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ సగం మింగేసి, ఊరివాళ్ళను తిట్టి చప్పట్లు కొట్టించుకున్నాను. ఈసారి మింగను.

పందొమ్మిది వందల యాభైల మాట. చోడవరం హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. బడి వదిలాక సైకిలు వేసుకుని రావికమతం వైపో రోలుగుంట వైపో పోయి, ఏ రచ్చమీదో నిలబడి మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. అమ్మవారు పూనడం, దిష్టి, చిల్లంగి, అన్నిటినీ ఉతికి ఆరేసేవాణ్ణి. చేతబడిని మా వైపు చిల్లంగి అంటారు. వాదించడానికి ఎవరైనా లేస్తే పండగే. ఎదుటివాడి నోరు మూయిస్తే సత్యం నిలబడిపోయినట్టేనని నమ్మిన వయసు.

ఆ రోజుల్లో విశాఖపట్నంలో కొందరు పెద్దమనుషులు పక్షుల సంఘం ఒకటి పెట్టుకున్నారు. శీతకాలంలో ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చే బాతులు నగరం చుట్టుపక్కల ఏ నీటిమీద ఎన్ని వాలుతున్నాయో ఒకే ఆదివారం ఉదయం అందరూ లెక్కపెట్టి పంపాలి. జీతం లేదు, బత్తెం లేదు. ఊరిబయట చెరువులకు మనుషులు చాలక మా స్కూలుకు ఉత్తరం రాశారు. నేను ఎగిరి గంతేశాను. పురాణం కాకుండా, ప్రవచనం కాకుండా, కళ్ళతో చూసి అంకె వెయ్యడం! ఇంతకన్నా పవిత్రమైన పని ఏముంటుంది అనుకున్నాను. ఆ మాటే అనుకున్నాను, పవిత్రమైన అని. నాస్తికుడికి ఆ రోగం ఉంటుంది.

స్టాఫు రూములో మా తెలుగు పండితులు గారు ఆ ఉత్తరం చదివి ముక్కుపొడుం పీల్చారు.

"జనాభా లెక్కలయ్యాయి, ఎన్నికలయ్యాయి. ఇక బాతులకు కూడా ఓటు ఇస్తారన్నమాట."

"ఇస్తే మీకన్నా ఆలోచించి వేస్తాయి" అన్నాను.

నాతో వస్తానన్నది డ్రిల్లు మాస్టారు ఒక్కడే. యుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చినవాడు, క్రైస్తవుడు. ఆదివారం చర్చి తప్పుతుందని ఇంట్లో గొడవైందట. "పాస్టరు గారినే అడిగేశాను మాస్టారూ. గొర్రెల లెక్క నేను చూసుకుంటాను, బాతుల లెక్క నువ్వు చూసుకో పొమ్మన్నారు" అని నవ్వాడు. బాతుల్ని కూడా డ్రిల్లు పిల్లల్లాగే లెక్కపెట్టేవాడు. పదేసి మందిని ఒక వరసగా కంటితో కోసుకుంటూ, పెదవులు కదపకుండా. నిజం చెప్పడం తప్ప వేరే విద్య రాని మనిషి.

మాకు వచ్చిన చెరువుల్లో పెద్దది రావికమతం వైపు దారిలో ఒక పల్లె పక్కన ఉంది. పల్లె పేరు చెప్పను. ఆ చెరువు తూము ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎంతసేపు నీరు వదలాలో చూడడం ఒక విధవరాలు చేసేది. మొగుడు చేసిన పని, అతను పోయాక ఆమె చేస్తోంది. యాభై దాటి ఉంటాయి. పగలంతా గట్టుమీదే. ఏ పిట్ట ఏ నెలలో దిగుతుందో, ఏది ఎక్కడ మేస్తుందో ఆమెకు తెలిసినంత నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మొదటిసారి ఆ చెరువు దగ్గరకు వెళ్ళినప్పుడు సూదితోక బాతులు ఎన్ని ఉంటాయని అడిగాను, సరదాకి. ఆమె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు చూసింది.

"నూటిరవై పుంజీలుంటాయి బాబూ. ఓ నాలుగు పిట్టలు ఎక్కువేగానీ తక్కువుండవు."

పుంజీ అంటే నాలుగు. మా వైపు చేపలైనా, మామిడికాయలైనా పుంజీల్లోనే లెక్క. మేమిద్దరం గంటసేపు దుర్భిణి పట్టుకుని లెక్కపెట్టాం. నాలుగువందల ఎనభై మూడు. డ్రిల్లు మాస్టారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

అప్పుడు నాకు గొప్ప ఆలోచన వచ్చింది. మీకు కూడా ఇలాంటివి వస్తుంటాయి, జాగ్రత్త. సంఘంవాళ్ళకు ఒక్క ఆదివారం లెక్క చాలు. నేను రెండు వారాలపాటు రోజూ తెల్లవారే లెక్క పంపి వాళ్ళను ఆశ్చర్యపరచాలనుకున్నాను. ఆమెకు రాయడం రాదు. అందుకని ఐదు పుంజీలకు ఒక చింతగింజ చొప్పున ముంతలో వెయ్యమన్నాను. మూడు రకాల పిట్టలున్నాయి కదా, గింజలు కలిసిపోతే ఎలా? రంగు పూస్తే సరి. పరజలనే చిన్నబాతులకు పసుపు, సూదితోకలకు కుంకుమ, నల్లగా ఉండే బొల్లికోళ్ళకు మసి. ఏ రోజు గింజలు ఆ రోజు గుడ్డపేలికలో మూటకట్టి, ఇంటి వాసానికి వరసగా వేలాడదియ్యమన్నాను. చోడవరం సంతలో కొత్త ముంత కొని నేనే ఇచ్చాను.

ఇప్పుడు చదువుతూ ఉంటే మీకు ఒళ్ళు జలదరించి ఉండాలి. నాకు జలదరించలేదు. పసుపు చవక, కుంకుమ చవక, మసి ఊరికే వస్తుంది. నాకు కనిపించింది అంతే.

ఆమెకు మాత్రం కనిపించింది. ముంతను చేతుల్లో అటూ ఇటూ తిప్పింది.

"గింజలకి కుంకం ఎందుకులెండి బాబూ. సున్నం పెడతాను."

"సున్నం రాలిపోతుంది. కుంకుమే పెట్టు. ఎవరైనా ఏదైనా అంటే నా పేరు చెప్పు."

"మీరు సెప్పినారంటే సరేలెండి" అంది.

ఆ పదిహేను రోజులూ ఆమె చేసింది ఇదీ. తెల్లవారీ వారకముందే ఒక విధవరాలు గట్టుమీద ఒంటరిగా కూర్చుని, నీళ్ళవైపు చూస్తూ పెదాలు కదుపుతూ, పసుపూ కుంకుమా మసీ పూసిన గింజలు కొత్త ముంతలో ఒక్కొక్కటే వేసింది. నేను చెప్పినట్టే, తూచా తప్పకుండా. అదే పక్షంలో ఊళ్ళో పశువులకు గాలికుంటు తగిలింది. చెరకు నరికి గానుగల దగ్గర కుప్పలు పోసి ఉన్నారు. గానుగ తిప్పాల్సిన ఎడ్లు గిట్టలు చీలి, నోటంట చొంగ కారుస్తూ పడుకున్నాయి. చెరకులోనే రసం పులిసిపోతోంది. దూడలు చచ్చిపోయాయి.

లెక్క ఆదివారం పొద్దున్నే నేనూ డ్రిల్లు మాస్టారూ సైకిళ్ళ మీద చేరేసరికి గట్టుమీద ఆమె లేదు. ఊళ్ళోంచి అరుపులు. మునసబు ఇంటి ముందర యాభై మంది మగాళ్ళు నిలబడి ఉన్నారు. మధ్యలో ఆమె నేలమీద కూర్చుని ఉంది. ఎదురుగా నా ముంత. పక్కన వాసాల నుంచి కోసుకొచ్చిన పద్నాలుగు మూటలు. ముంతకు అవతల, కమ్మరి కొలిమి నుంచి తెచ్చిన పట్టకారు.

చిల్లంగి చేసినవాళ్ళకు ముందరిపళ్ళు ఊడబెరికితే మంత్రం పలకదట. ఆ కాలంలో మా ప్రాంతంలో ఇది కథ కాదు. బోసి నోటితో బతికిన ఆడమనుషుల్ని నేను చూశాను. వాళ్ళను అలా చేసినవాళ్ళు మర్నాడు పొలానికి వెళ్ళి, మాపటికి ఇంటికొచ్చి, పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకునేవారు. రాక్షసులైతే నాకింత కోపం ఉండేది కాదు.

డ్రిల్లు మాస్టారు నా మోచెయ్యి పట్టుకున్నాడు. "మీరిక్కడ వీళ్ళని ఆపుతూ ఉండండి. నేను చోడవరం పోయి కానిస్టేబుల్ని తెస్తాను."

"అక్కర్లేదు. నేను మాట్లాడతాను" అన్నాను.

మాట్లాడాను. ఆ రోజు నేను చెయ్యాల్సిందల్లా ఒక్క వాక్యం చెప్పడం. ఆ గింజలు నావి, తప్పు నాది అని. నేను పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. గాలికుంటు ఒక పశువు నుంచి ఇంకో పశువుకు ఎలా అంటుతుందో చెప్పాను. మంత్రానికి దూడ చస్తే దేశాలు సైన్యాన్ని ఎందుకు మేపుతాయని అడిగాను. వాళ్ళ తాతముత్తాతల తెలివిని ఎండగట్టాను. గొంతు బాగా పలికింది ఆ రోజు. నేలమీద కూర్చున్న మనిషి వైపు నేను ఒక్కసారి కూడా చూడలేదని డ్రిల్లు మాస్టారు తర్వాత చెప్పాడు. జనం ముఖాలు గట్టిపడుతున్నాయి. అది నా వాదన గెలుస్తున్న గుర్తనుకున్నాను.

మునసబు ముసలివాడు. ఓపిగ్గా విన్నాడు.

"అయన్నీ ఎందుకు మేస్టారూ. ఒక్కటి సెప్పండి. గింజలకి పసుపూ కుంకం పుయ్యమని మీరే సెప్పేరని ఇది అంతంది. నిజమేనా?"

"నిజమే. నేనే చెప్పాను. బాతుల లెక్క కోసం."

వెనకనుంచి ఒకడు పెద్దగా నవ్వాడు. గానుగ ఎడ్లు రెండూ పడిపోయినవాడు.

"పోయినేడు ఇదే వీధిలో నిలబడి మీరేటన్నారు మేస్టారూ? కుంకం ఒట్టి రంగుపొడి, నా సేత్తో ముట్టను, నా గుమ్మానికి పసుపు రాయనియ్యను అన్నారా లేదా?"

"అన్నాను, కానీ..."

"మరి కుంకం ముట్టనోరు దీనికి కుంకం పుయ్యమని సెప్పేరా? దానిమీద జాలికొద్దీ అబద్దం ఆడతన్నారు. సదువుకున్నోరు, మీకిది తగదు."

అందరూ అవునన్నారు. అబద్ధాలాడుతున్నందుకు నన్ను క్షమించారు కూడా. నా సిద్ధాంతమే నా సాక్ష్యాన్ని చంపేసింది. ఒకడు వంగి పట్టకారు తీసుకున్నాడు.

అప్పుడు ఆమె నోరు విప్పింది. ఏడుపు లేదు. గొంతులో విసుగు ఉంది, నా మీద కూడానేమో.

"ఉండండి. ఆ ముంతలో గింజలు ఇయ్యాల తెల్లారగట్ల ఏసినాను. ఎర్రగింజలు ఎన్నున్నాయో మునసబు బాబు లెక్కెట్టండి. గింజకి ఐదు పుంజీలు. ఆ మీదట సెరువుకాడికెళ్ళి సూదితోకలెన్నున్నాయో ఈ ఇద్దరు మేస్టర్లనీ లెక్కెట్టమనండి. సరిపోతే నాను లెక్కెట్టినట్టు. సరిపోకపోతే నా పళ్ళు పీక్కోండి. ఈ అరుపులు నా సెవులకి పోటు."

మునసబు లెక్కపెట్టాడు. ముప్పైఒక్క ఎర్రగింజలు. నూట యాభై ఐదు పుంజీలు, అంటే ఆరువందల ఇరవై. అందరం చెరువుకు నడిచాం. గట్టు ఎక్కగానే ఆమె వెనక్కి తిరిగింది.

"కూకోండి అందరూ. ఆ ఎర్రతువ్వాలు తీసీ, ఒరే. అయి ఒక్కపాలి లెగిసిపోయేయంటే లెక్కా లేదు ఏటీ లేదు."

పళ్ళు పీకడానికి వచ్చిన యాభై మందీ మాట్లాడకుండా కూర్చున్నారు. ఒకడు తువ్వాలు చంకలో దాచుకున్నాడు.

మేం కూడబలుక్కోకుండా మునసబు నన్ను గట్టు తూర్పు కొసకు, డ్రిల్లు మాస్టార్ని తూము దగ్గరకు పంపాడు. దుర్భిణి మా ఇద్దరికీ ఒకటే. అతన్నే తీసుకోమన్నాను. నేను ఉత్త కళ్ళతో లెక్కపెట్టాను. నాలుగువందల నలభై. మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగువందల నలభై ఐదు. మూడోసారి కూడా అంతే.

ఆమె తప్పు లెక్కపెట్టింది అనుకున్నాను. దీన్ని రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నా లెక్కలో తప్పుండవచ్చని నాకు తట్టనేలేదు. పదిహేను రోజులుగా ఆ నీటిని చూసిన మనిషి తప్పు, పావుగంట చూసిన నేను ఒప్పు. నేను సైన్సు మాస్టార్ని, ఆమె తూము కాసే మనిషి. ఊరివాళ్ళు ఆమెలో చిల్లంగి చూశారు, నేను అజ్ఞానం చూశాను. రెంటికీ మధ్య ఏమంత దూరం ఉందో మీరే చెప్పండి.

మునసబు నా దగ్గరకొచ్చి చెవి ఒగ్గాడు. జీవితంలో మొదటిసారి, తెలిసి తెలిసి, కళ్ళతో చూసినదాన్ని కాదని అంకె చెప్పాను.

"ఆరువందల పైచిలుకు."

అవతల ఉన్నది డ్రిల్లు మాస్టారు. అబద్ధమాడడు. నాలుగువందల నలభై అంటాడు. నేను అబద్ధీకుణ్ణి అవుతాను, ఆమె నోరు రక్తమవుతుంది. మునసబు గట్టుమీద మెల్లగా, కర్ర పోటేసుకుంటూ తూము దాకా నడిచాడు. డ్రిల్లు మాస్టారు ఇంకా లెక్కపెడుతూ చెయ్యెత్తి ఆగమన్నాడు. ఎంతసేపు ఆపాడో నాకు తెలియదు. ఆమె తలవంచుకుని గట్టుమీది గడ్డి పీకుతోంది.

"ఆరువందల పన్నెండు" అన్నాడు, కవాతులో ఆజ్ఞ ఇచ్చినట్టు పైకే.

ఒక ముసలి రైతు వేళ్ళు ముడిచాడు. "అంటే ముప్పై గింజలు, పైన మూడు పుంజీలు. ముప్పైఒకటో గింజ అందుకే ఏసింది. సరిపోనాదిరా!"

నా కొస నుంచి చూస్తే తుంగ మొక్కల వెనకున్న నీరు కనిపించదు. నూట డెబ్బైకి దగ్గరగా బాతులు అక్కడ ఉన్నాయి. తూము దగ్గరనుంచి కనిపిస్తాయి. ఆమె కూర్చునే చోటు నుంచి. నేను ఆడిన అబద్ధం నిజం, నేను లెక్కించిన నిజం తప్పు.

పట్టకారు తెచ్చినవాడు దాన్ని పంచెలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ ఆమెకు క్షమాపణ చెప్పలేదు. "పోనీలే, బతికిపోనావు" అన్నారు, అదేదో ఆమెకు దయచేసిన వరమైనట్టు. వారం తిరక్కుండా మునసబు ఆమెను తూము పని నుంచి తప్పించాడు. ఎందుకని వెళ్ళి అడిగితే, "దానిది తప్పని నాననలేదు మేస్టారూ. ఊరు నెమ్మదిగా ఉండాల గదా" అన్నాడు. అప్పుడూ అరిచాను. తాసీల్దారుకు అర్జీ పెట్టాను. జవాబు లేదు. ఆమె దేవరాపల్లిలో కూతురి దగ్గరకు వెళ్ళిపోయిందని ఎవరో చెప్పారు. ఊరు నెమ్మదిగానే ఉండింది.

ఆ ఊళ్ళో జరిగింది స్టాఫు రూములో చెబుతూ, పల్లెటూళ్ళ మూఢత్వం మీద నిప్పులు కురిపిస్తున్నాను. పండితులు గారు ఈసారి వెటకారం చెయ్యలేదు.

"పసుపు, కుంకుమ, మసి, కొత్త ముంత. ఈ నాలుగూ కలిస్తే జనం ఏమనుకుంటారో మా ఇంట్లో పనిమనిషికి తెలుసు. నీకు తెలియదా? నమ్మకపోతే నమ్మకపోయావు. తెలుసుకోవడానికేమయ్యా?"

సంఘం ఫారం నింపడానికి కూర్చున్నాను. పదిహేను రోజుల అంకెలు వరసగా వేశాను. పక్కన రెండు గడులు. లెక్కించినవారి పేరు, విద్యార్హత. కలం ఆగింది. ఆమె పేరు నాకు తెలియదు. రెండు వారాలు నా పని చేయించుకున్నాను, పళ్ళమీదకు తెచ్చాను, ఒక్కసారి పేరు అడగలేదు. ఊళ్ళో అందరూ తూముకాడ ముసలమ్మ అనేవారు, నేను ఏమమ్మా అనేవాణ్ణి. దేవరాపల్లి ఎంత దూరం? ఒక పూట సైకిలు తొక్కితే వచ్చేది. కానీ ఫారం పంపడానికి గడువు దగ్గరపడింది, పేరు దొరికినా పక్కన విద్యార్హత గడిలో ఏం రాస్తాను? ఇవన్నీ కారణాలే. నా పేరు రాశాను. పక్కన నా డిగ్రీ రాశాను.

వానాకాలానికి సంఘంవాళ్ళు చిన్న పుస్తకం అచ్చువేసి పంపారు. నగరంలో దుర్భిణులున్న పెద్దమనుషుల లెక్కలన్నిటికన్నా చోడవరం ఉపాధ్యాయుడి లెక్క నిశితంగా ఉందని రెండు వాక్యాలు మెచ్చుకున్నారు. హెడ్మాస్టరు అసెంబ్లీలో చదివించాడు. డ్రిల్లు మాస్టారు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. సాయంత్రం సైకిలు తాళం తీస్తూ, "అది ఆవిడకు చూపించి రండి" అన్నాడు, అంతే.

ఆ ఆదివారమే వెళ్ళాను. ఆమె కూతురింటి అరుగుమీద వేరుశనక్కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి లేచి, ముందు పిట్టల సంగతి అడిగింది.

"సూదితోకలు ఈయేడు ఎప్పుడెళ్ళేయి బాబూ?"

"మాఘమాసం దాటాక వెళ్ళిపోయాయి."

"ఆలీసెంగానే ఎళ్ళేయి" అంది, తను లేకపోయినా లెక్క తప్పలేదన్నట్టు.

పుస్తకం తెరిచి చూపించాను. నీ లెక్క అచ్చయిందమ్మా అన్నాను. చేతులు చీరకు తుడుచుకుని దగ్గరకు జరిగింది. అంకెలమీద వేలుపెట్టి ఒక్కొక్కటే దాటించింది.

"ఇయన్నీ నాయేనా?"

"అన్నీ నీవే."

వేలు అంకెల చివర ఆగింది. పక్కన అక్షరాలున్నాయి.

"ఇదేటి బాబూ, ఈ రాత?"

నిజం చెప్పడానికే వచ్చాను. దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూనే వచ్చాను.

"నీ పేరమ్మా" అన్నాను.

ఆమె ఆ అక్షరాల వైపు చాలాసేపు చూసింది. ముఖంలో ఏదో వెలిగింది. తర్వాత తల ఎత్తి నా వైపు చూసింది.

"నా పేరు మీకెవులు సెప్పేరు బాబూ?"